దుంగల ఇల్లు ఎందుకు కుంగుతుంది?

పిల్లలూ,

హనుమకొండ నుంచి తాత రాస్తున్నాడు. మీలో ఒకరు అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "మంచు దేశాల్ల దుంగ మీద దుంగ పేర్చి ఇల్లు కడతరట కదా తాతా, మేకులు కొట్టకుంటే కూలిపోదా?" అని. కూలిపోదు బిడ్డా. మేకులు కొడితేనే పాడవుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు వరికట్ట సంగతి తెలియాలె.

కోసిన రోజు పచ్చిగడ్డిని బిగించి కట్ట కడతారు. ఎండినంక చూస్తే అదే కట్ట వదులైపోయి, లోపలికి వేళ్లు దూరుతాయి. పొడవు కొలిస్తే మాత్రం ముందున్నంతే ఉంటుంది. అంటే ఒక్కో పరక లావు తగ్గింది గానీ పొడవు తగ్గలేదు. చెట్టు మాను కూడా కంటికి కనపడనంత సన్నని గొట్టాలను నిలువునా చేర్చి కట్టిన కట్టే. ఆరేకొద్దీ దాని లావు తగ్గుతుంది, పొడవు దాదాపు అట్లనే ఉంటుంది. దుంగల గోడలో కలప పడుకొని ఉంటుంది కాబట్టి ప్రతి దుంగా ఆరి సన్నబడేకొద్దీ గోడ మొత్తం కిందికి దిగుతుంది. పచ్చి దుంగలతో కట్టిన 8 అడుగుల గోడ కొన్నేళ్లలో 4 నుంచి 6 అంగుళాల దాకా కుంగుతుంది. ఆ దిగుడుకు చోటు వదలడంలోనే ఈ పనిలో ఉన్న తెలివంతా ఉంది.

ఆ దేశాల్లో చెట్టును చలికాలంలో కొడతారు. అప్పుడు మానులో రసం ఎక్కువగా పారదు, పురుగూ బూజూ తక్కువ, మంచు మీద దుంగను లాక్కురావడం తేలిక. బెరడు మాత్రం తప్పకుండా తీయాలి. దాని కింద తడి నిలిస్తే పురుగు చేరుతుంది. ఈ పని పిల్లలు కూడా చేయగలరు. 16 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్న ఇంటికి అడుగు లావు దుంగలు 40 దాకా పడతాయి. అన్నిటికీ బెరడు తీయడమంటే ఇంటిల్లిపాదికీ చేతినిండా పనే.

మట్టిని తాకిన కలప ఎక్కడైనా కుళ్లుతుంది. మన దగ్గరైతే చెదలు కూడా పడతాయి. అందుకే నేల నుంచి అడుగున్నర దాకా రాతి పునాది లేపి, దాని మీద మొదటి వరుస పెడతారు. ఎదురెదురుగా ఉన్న రెండు గోడలకు సగానికి చీల్చిన దుంగలు, మిగతా రెండింటికి కిందివైపు చదును చేసిన నిండు దుంగలు. ఆ సగం ఎత్తు తేడా వల్లనే మూలల్లో దుంగలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పైకి పోతాయి.

దుంగకు మొదలు లావు, కొస సన్నం. గడ్డివాము వేసేవాళ్లు మొదళ్లన్నీ ఒకే దిక్కుకు పడకుండా చూసుకుంటారు కదా, ఇక్కడా అంతే. ఒక వరుసలో మొదలు తూర్పుకు ఉంటే పై వరుసలో పడమరకు ఉండాలి. మరిచిపోతే నాలుగు వరుసలు లేచేసరికి గోడ ఒక పక్క ఎత్తైపోతుంది.

ఇప్పుడు మూల. పై దుంగను దాని చోట్లో పెట్టి, మీ జామెట్రీ పెట్టెలోని కంపాసులాంటి పెద్ద కంపాసు పడతారు. కింది కాలు కింది దుంగ ఒంపు వెంట జారుతుంటే, పెన్సిలు కట్టిన పై కాలు అదే ఒంపును పై దుంగ మీద గీస్తుంది. కంపాసు చేతిలో పక్కకు వాలకుండా నిటారుగా ఉండాలి, వాలితే గీత అబద్ధం చెబుతుంది. తర్వాత దుంగను తిప్పి, గొడ్డలితో, ఉలితో గీత దాకా తొలుస్తారు. గాడి ఎప్పుడూ పై దుంగ కడుపులోనే ఉండాలి. కింది దుంగ వీపు మీద తొలిస్తే వాననీళ్లు గిన్నెలో నిలిచినట్టు నిలిచి మూల కుళ్లిపోతుంది. రెండు మూలల మధ్య కూడా పొడవునా సన్నని కాలువ తొలిచి, అందులో ఎండిన నాచు గానీ ఉన్ని గానీ కూరుతారు. అదే చలిగాలిని ఆపుతుంది.

అడుగు లావు, 20 అడుగుల పొడవున్న పచ్చి దుంగ 3 క్వింటాళ్లకు పైనే తూగుతుంది. దాన్ని ఎత్తరు, దొర్లిస్తారు. గోడకు రెండు గట్టి వాసాలు ఏటవాలుగా ఆనిస్తారు. రెండు తాళ్ల కొసలను గోడపైన కట్టి, తాళ్లను దుంగ కిందినుంచి చుట్టి, రెండో కొసలను పైనుంచి లాగుతారు. ఇట్లా లాగితే పట్టవలసిన బలం సగమవుతుంది. అక్క, బావ, మేనమామ అందరూ తాడు పట్టవచ్చు. మాట మాత్రం ఒక్కరిదే నడవాలి. దుంగ దారిలో, దాని కింద ఎవరూ నిలబడొద్దు. ఈ ఒక్క విషయంలో పెద్దలు గట్టిగా అరిచినా తప్పులేదు.

మన ఊళ్లల్ల మట్టిగోడల ఇండ్లు కట్టినప్పుడు కూడా ఇంటి జనమే పని పట్టేవారు. మట్టిలో వరిగడ్డి కలిపి, కాళ్లతో తొక్కి, ఒక వరుస పెట్టి, అది ఆరినంకనే రెండో వరుస. మా చిన్నతనంలో తొక్కే పని పిల్లలదే. తొందరపడి ఒకేసారి లేపితే పచ్చిగోడ తన బరువుకు తానే జారిపోయేది. ఓపిక పట్టని ఇల్లు ఏ దేశంలోనైనా నిలవదు.

మళ్లీ మన దుంగలకు వద్దాం. దర్వాజ కోసం గోడ కోసినప్పుడు చౌకట్టు పైన 4, 5 అంగుళాల ఖాళీ వదిలి, మెత్తని ఉన్ని కూరి, ముందు పలక అడ్డం పెడతారు. చౌకట్టును దుంగలకు మేకులతో బిగిస్తే గోడ దిగలేదు. కింది దుంగలు దిగుతాయి, మేకు పట్టుకున్నది పైనే వేలాడుతుంది, మధ్యలో సందు పడుతుంది. అందుకే కోసిన దుంగల కొసల్లో నిలువునా గాడి తీసి, అందులో ఒక చెక్కపట్టీ దించుతారు. అది దుంగలను పక్కకు కదలనివ్వదు, కిందికి దిగడాన్ని ఆపదు. వరండా స్తంభాలతో ఇంకో చిక్కు. అవి నిలబడిన కలప, పొట్టివి కావు. గోడలు దిగి స్తంభాలు దిగకపోతే కప్పు ఒక పక్క ఎత్తుకుంటుంది. అందుకని స్తంభం కింద మరజాకీ, అంటే మర తిప్పితే ఎత్తు తగ్గే జాకీ పెట్టి, ఇల్లు దిగేకొద్దీ తిప్పుతూ పోతారు.

వరికట్టకూ దుంగకూ ఒక్క తేడా ఉంది. కట్టలో పరకలు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఊరికే వదులవుతాయి. మానులో అవి అతుక్కొని ఉంటాయి. పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా పచ్చి. అందుకే పగులుతుంది. పగులును ఆపలేం గానీ దాని చోటు మనం చెప్పవచ్చు. దుంగ వీపు మీద పొడవునా రంపంతో గాటు పెడితే అది అక్కడే పగులుతుంది, పై దుంగ దాన్ని కప్పేస్తుంది.

రష్యాలో కీజీ అనే దీవిలో 1714 నాటి దుంగల చర్చి ఒకటి ఉంది. ఎత్తు 37 మీటర్లు, గుమ్మటాలు 22. యునెస్కో దాన్ని 1990లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మూడు వందల ఏండ్లు దాటినా గొడ్డలి చెక్కిన ఆ దుంగలు ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మీరు చేయవలసిన పని ఒకటుంది. ఈసారి ఎవరైనా వేపకొమ్మో నీలగిరి కొమ్మో కొట్టేస్తే, మోచేతి లావున్న ముక్కను మూరెడు పొడవు కోసి ఇమ్మనండి. బెరడు తీసి, దారంతో చుట్టుకొలత, టేపుతో పొడవు కొలిచి పుస్తకంలో రాసుకోండి. నీడలో పెట్టి నెలకోసారి మళ్లీ కొలవండి. పగులు ఎక్కడ మొదలైందో, ఎటు పోయిందో బొమ్మ గీయండి. ఎండాకాలం అయిపోయినంక ఆ కొలతలు నాకు పంపండి.

మీ తాత