పైటెస్ట్ పాడవలేదు, ప్యాకేజీ లేదు: అపోహలు - వాస్తవాలు

అనంతపురం సాయినగర్‌లో సాయంత్రాలు పిల్లలకు పైథాన్ టెస్టింగ్ నేర్పుతుంటాను. అంటే పైథాన్ భాషలో రాసిన కోడ్ సరిగా పనిచేస్తోందా అని పైటెస్ట్ అనే టూల్‌తో చూసుకోవడం. ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, "అన్నా, నిన్న బాగుండె, ఈపొద్దు పైటెస్ట్ లేస్తానే లేదు" అంటారు. ఆ వెంటనే వినిపించే మాటలే ఇవి.

అపోహ: ఒక్క టెస్టూ నడవలేదంటే పైటెస్టే పాడైంది.

వాస్తవం: పైటెస్ట్ మొదలవగానే ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్లగిన్లన్నిటినీ (తనకు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములు) తనే లోడ్ చేసుకుంటుంది. మనం వాడుతున్నామా లేదా అని చూడదు. వాటిలో ఒకదానికి కావలసిన ప్యాకేజీ (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ మూట) లేకపోయినా, టెస్టుల దాకా వెళ్లకుండానే అంతా ఆగిపోతుంది. స్క్రీన్ నిండా వచ్చిన ఎర్రర్ చూసి టెన్షన్ పడకుండా అడుగున ఉన్న వరుస చదవండి. ‘నో మాడ్యూల్ నేమ్డ్’ తర్వాత కనిపించే పేరే దొరకనిది.

అపోహ: ఆ పేరుతోనే ఇన్‌స్టాల్ చేస్తే సరి.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. యామల్ లేదంటే తెచ్చుకోవలసింది పైయామల్. సీవీ2 లేదంటే ఓపెన్‌సీవీ-పైథాన్. పేరు ఊహించి కొడితే ఎవరిదో తెలియని ప్యాకేజీ కూడా దిగొచ్చు.

అపోహ: పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు దించే టూల్) ఇన్‌స్టాల్ చేశాను కాబట్టి ఉంది.

వాస్తవం: నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇవే. మొన్న ఒకబ్బాయి, "చేసినా కదన్నా, సక్సెస్‌ఫుల్లీ అని కూడా పడింది" అన్నాడు. నిజమే, పడింది. కానీ అతని మెషీన్‌లో రెండు పైథాన్‌లున్నాయి. పిప్ సిస్టమ్ పైథాన్‌లో పెట్టింది, పైటెస్ట్ ప్రాజెక్టు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోంచి (ఆ ప్రాజెక్టుకే వేరుగా పెట్టుకున్న పైథాన్) నడుస్తోంది. ట్యాంకర్ నీళ్లు పక్కింటి సంపులో పోయించుకుని మనింటి కొళాయి తిప్పినట్టు! ‘పైథాన్ మైనస్ ఎమ్ పిప్’, ‘పైథాన్ మైనస్ ఎమ్ పైటెస్ట్’ అని రెండింటినీ ఒకే పైథాన్‌తో నడిపించాను. ప్యాకేజీ మళ్లీ దిగింది, టెస్టులు కదిలాయి. పైటెస్ట్ అవుట్‌పుట్ మొదట్లో పైథాన్ వెర్షన్, ఆ కిందే ‘ప్లగిన్స్’ అనే వరుస ఉంటాయి. మీ ప్లగిన్ పేరు అక్కడ లేకపోతే అది లోడే కాలేదు. ‘అన్‌రికగ్నైజ్డ్ ఆర్గ్యుమెంట్స్’ అని కవరేజ్ ఆప్షన్ (టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని తాకాయో కొలిచేది) మీద అరిచినప్పుడూ ఇదే సంగతి, దాని ప్లగిన్ లోడ్ కాలేదు. అక్షరదోషం కోసం అరగంట వెతికి ఉగ్గాని చల్లార్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

అపోహ: పిప్ చెక్ అనే కమాండ్ బాగుందంటే అన్నీ ఉన్నట్టే.

వాస్తవం: ప్యాకేజీ తనకు కావాలని రాసుకున్నవే అది సరిచూస్తుంది. రాయడం మరిచినవి దానికి తెలియవు. మీ మెషీన్‌లో నడిచి సర్వర్‌లో ఆగేవాటిలో చాలావరకు ఇవే.

అపోహ: ఎర్ర గీత లేదంటే అంతా పాస్.

వాస్తవం: పైటెస్ట్ 8.4కు ముందు వెర్షన్లలో, ఎసింక్ టెస్టులను (ఒక పని ముగిసేదాకా ఆగకుండా ఇంకోటి చేసే కోడ్‌కు రాసినవి) నడిపే ప్లగిన్ లేకపోతే అవి ఫెయిల్ కావు. స్కిప్ అయి ఒక వార్నింగ్ వదులుతాయి. 8.4 నుంచి ఫెయిల్ అవుతున్నాయి. వెర్షన్ మార్చగానే ఎర్రబడ్డాయని పిల్లలు కొత్త పైటెస్ట్‌ను తిడుతుంటారు. పాతదాంట్లో ఆ టెస్టులు ఒక్కసారీ నడవనే లేదు.