ఓటు లేని సెక్రటరీ: విద్యార్థి సంఘాల జూన్ హడావుడి వెనుక కథ

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ విద్యార్థి సంఘం జిల్లా కార్యదర్శికి చదువుల ఏడాది ఒక్కసారి మొదలవదు, విడతలు విడతలుగా మొదలవుతుంది. జూన్ మొదట్లో జూనియర్ కాలేజీలు తెరుస్తారు. డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు తేలి క్లాసులు గాడిన పడేసరికి వానలు బాగా ముదురుతాయి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌ది ఒక దారి, పీజీసెట్‌ది ఇంకో దారి. ఈ నెలలన్నీ అతని ఫోన్ మోగుతూనే ఉంటుంది. హాస్టల్‌లో సీటు రాలేదని ఒకరు, పాత బకాయి కడితే గానీ టీసీ ఇవ్వమంటున్నారని మరొకరు. "అన్నా, మాయమ్మ ఐదరాబాదుల పనికెల్లిపోనాది, ఏలిముద్దర ఎలాగ ఎయ్యాలి?" అని, ఫీజు డబ్బు తల్లి ఖాతాలో పడే రోజుల్లో, ఇంకో కుర్రాడు. వీటి మధ్యలోనే సంఘం సభ్యత్వ నమోదు, రసీదు పుస్తకాలు, కరపత్రాలు, సోమవారం వచ్చిందంటే కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో వినతిపత్రం.

ఇంత పని నెత్తిన వేసుకున్న మనిషిని ఏ కాలేజీ విద్యార్థులూ ఓటేసి ఎన్నుకోలేదు. అతను ఎస్ఎఫ్ఐ, ఏఐఎస్ఎఫ్, పీడీఎస్‌యూ, ఏబీవీపీ లాంటి విద్యార్థి సంస్థల్లో ఏదో ఒకదాని బాధ్యుడు. అతన్ని నిలబెట్టింది ఆ సంస్థ మహాసభ. ప్రిన్సిపాల్ అతన్ని గదిలోకి పిలిచి కూర్చోబెట్టవచ్చు, గేటు దగ్గరే ఆపెయ్యవచ్చు. రెండూ ఆయన ఇష్టమే. ఎన్నికైన సంఘం లేకుండా ఆ సంఘం పని మాత్రం మిగిలిపోవడం ఎలా జరిగిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

విజయనగరంలో ఆ చరిత్ర చాలా పాతది. మహారాజా వారి పాఠశాల 1857లో మొదలైంది, 1879లో కాలేజీ అయింది. గురజాడ చదువుకున్నదీ పాఠం చెప్పిందీ అక్కడే. మొదట్లో అది మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరుకు తరలింది. దాంతో ఉత్తరాంధ్ర కుర్రాళ్ళకు యూనివర్సిటీ అంటే విశాఖే అయింది. పరీక్షలూ పట్టాలే కాదు, రాజకీయం కూడా అక్కడి నుంచే వచ్చేది. ఏఐఎస్ఎఫ్ 1936లో లక్నోలో పుట్టింది. 1949లో ఏబీవీపీ, 1970లో ఎస్ఎఫ్ఐ, 1971లో ఎన్ఎస్‌యూఐ వచ్చాయి. అయితే అప్పట్లో కాలేజీ యూనియన్ వేరు, ఈ సంస్థలు వేరు. యూనియన్‌కు ప్రెసిడెంటు, సెక్రటరీ, లేడీస్ రిప్రజెంటేటివ్ ఉండేవారు. వాళ్ళు ఆ కాలేజీ విద్యార్థులే, వాళ్ళకు ఓటేసిందీ ఆ కాలేజీ విద్యార్థులే. సంస్థలు వెనకుండి బలపరిచేవి. తర్వాతి రోజుల్లో ఉపరాష్ట్రపతి అయిన ఎం. వెంకయ్యనాయుడు 1973-74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘానికి ఎన్నికైన అధ్యక్షుడే.

ఆ యూనియన్ల సత్తా ఏమిటో 1966లో తెలిసింది. ఉక్కు కర్మాగారం విశాఖకే ఇవ్వాలని టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చుంటే విద్యార్థులు క్లాసులు వదిలి వీధుల్లోకి వచ్చారు. నవంబర్ 1న విశాఖలో కాల్పులు జరిగాయి. చివరికి 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ కర్మాగారాన్ని ప్రకటించారు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని అరిచిన గొంతుల్లో శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళ నుంచి వెళ్ళి చదువుకుంటున్నవారివీ ఉన్నాయి. అప్పటికి విజయనగరం ఇంకా జిల్లా కాలేదు, అది 1979 జూన్‌లో ఏర్పడింది.

అదే దశకంలో శ్రీకాకుళం కొండల్లో ఇంకో కథ నడిచింది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం బడిపంతుళ్ళు. గిరిజనులను కూడగట్టారు. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక ఆ ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. 1970 జూలై 10న సత్యం, కైలాసం ఇద్దరూ పోలీసుల చేతుల్లో చనిపోయారు. ఆ చరిత్రంతా ఇక్కడ చెప్పడం నా ఉద్దేశం కాదు. కాలేజీల వరకు అది మిగిల్చింది ఒక భయం. 'చదువుకోడానికి ఎల్తన్నావు, సంఘాల జోలికెల్లకు' అని కొడుకుకు చెప్పి బస్సెక్కించే తండ్రులు ఈ జిల్లాలో ఇప్పటికీ ఉన్నారు. సంఘం అనగానే పోలీసు రికార్డు గుర్తుకు రావడం ఆ రోజుల నుంచి వచ్చిందేనని నా అనుమానం.

1972-73 జై ఆంధ్ర ఉద్యమంలో కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల మీద మొదలైన ఆ గొడవ ముదిరి 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన దాకా వెళ్ళింది. ఆ తర్వాత దశాబ్దంన్నరలో కాలేజీ ఎన్నికల తీరు పాడైందన్నది నిజం, దాన్ని దాచాల్సిన పని లేదు. బెజవాడలో విద్యార్థి సంఘాలు రెండు వర్గాల పట్టు కోసం జరిగిన కొట్లాటకు సాధనాలయ్యాయి. హైదరాబాద్‌లో అయితే అంతకు ముందే, 1972 ఏప్రిల్ 14న, ఉస్మానియా క్యాంపస్‌లోనే విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య జరిగింది. కత్తులు, జీపులు, బయటి డబ్బు కాలేజీలోకి వచ్చాక 1980ల ఆఖర్లో రాష్ట్ర ప్రభుత్వం ఎన్నికలే ఆపేసింది. తల్లిదండ్రుల్లో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు, లెక్చరర్లు కూడా.

అక్కడే ఒక వింత జరిగింది. రాష్ట్రంలో కాలేజీ ఓటు పోయిన ఆ రోజుల్లోనే, 1989 మార్చి 28 నుంచి, 61వ రాజ్యాంగ సవరణ ప్రకారం దేశంలో ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి దిగింది. అంటే డిగ్రీ మొదటి ఏడాది కుర్రాడు ఎంపీని ఎన్నుకోవచ్చు గానీ తన క్లాసుకు ప్రతినిధిని ఎన్నుకోవడానికి లేదు. మూడున్నర దశాబ్దాలుగా ఇదే నడుస్తోంది. ఏ పార్టీ అధికారంలోకి వచ్చినా దీన్ని కదిపింది లేదు. కదపకపోవడం అందరికీ సౌకర్యమే మరి.

2005 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో నాయకత్వంలో కమిటీ వేసింది. కమిటీ 2006 మేలో నివేదిక ఇచ్చింది, సెప్టెంబర్ 22న కోర్టు దాన్ని అమలు చెయ్యమంది. దాని పేరు ఇక్కడి సంఘాల కరపత్రాల్లో తరచు కనిపిస్తుంది గానీ అందులో ఏముందో చదివినవాళ్ళు తక్కువ. క్లాసులు మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎన్నికలు అయిపోవాలి. నామినేషన్ నుంచి ఫలితం వరకు మొత్తం పది రోజుల్లో ముగియాలి. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, ఫలితం వచ్చాక రెండు వారాల్లో లెక్క చూపాలి. అచ్చువేసిన పోస్టర్లు కూడదు, చేత్తో రాసుకున్నవే అంటించాలి. మైకులు, వాహనాలు, జంతువులతో ప్రచారం నిషేధం. డిగ్రీ అభ్యర్థికి 22 ఏళ్ళు, పీజీకి 25, పరిశోధక విద్యార్థికి 28 దాటకూడదు. 75 శాతం హాజరు ఉండాలి, ఆ ఏడాది సబ్జెక్టులేవీ తప్పి ఉండకూడదు.

అసలు కీలకం వేరేచోట ఉంది. వాతావరణం బాగాలేని చోట ఎన్నికలకు బదులు నామినేషన్ పద్ధతి పెట్టుకోవచ్చని కమిటీ ఒప్పుకుంది, కానీ అది తాత్కాలికమేనంది. ఆ నామినేషన్ కూడా కేవలం మార్కులను బట్టి చెయ్యడం మంచిది కాదంది. ఐదేళ్ళలో అందరూ ఎన్నికలకు మారాలంది. 2006కు ఐదేళ్ళు కలిపితే 2011. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఈ నిబంధనల కిందే ఎన్నికలు జరుగుతూ వచ్చాయి. శ్రీకాకుళం యూనివర్సిటీ ఉన్న ఎచ్చెర్లలో, విజయనగరంలో ఆ 2011 ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో ఎవరూ పట్టించుకోలేదు. పైగా 2023లో యూజీసీ తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం కాలేజీ ఫిర్యాదుల కమిటీలో ఒక విద్యార్థి ఉంటాడు. అతను ప్రత్యేక ఆహ్వానితుడు, చదువు, ఆటలు, ఇతర కార్యక్రమాల్లో ప్రతిభను బట్టి ఎంపికైనవాడు. ఫిర్యాదు అందాక 15 పనిదినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి. కాగితం మీద మంచి ఏర్పాటే. క్లాస్ ఫస్ట్ వచ్చిన అమ్మాయి కూడా బాగానే మాట్లాడవచ్చు. కానీ హాస్టల్ మెస్‌లో అన్నం బాగులేదని ఆమె దగ్గరకు వెళ్ళి చెప్పుకోవాలని ఎవరికీ తోచదు, ఎందుకంటే ఆమెను పెట్టింది ప్రిన్సిపాల్. ఎవరు పెట్టినవాళ్ళు వాళ్ళకే జవాబు చెప్తారు.

ఓటు పోయాక పని స్వభావమూ మారింది. ఎచ్చెర్లలో 1977 నుంచి ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ అయింది. విజయనగరంలో 2007లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2022లో గురజాడ పేరుతో సొంత యూనివర్సిటీ అయింది. మార్కుల లిస్టులో పేరు తప్పు పడితే విశాఖ పరుగెత్తాల్సిన బాధ చాలామందికి తప్పింది. అదే 2008 ప్రాంతంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకు, ఇతర పేద వర్గాలకు విస్తరించింది. ఇది చిన్న మార్పు కాదు. ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటి మనిషి ఈ జిల్లాల్లో ఎక్కువగా ఆ డబ్బుతోనే ఎక్కాడు. దాంతో విద్యార్థి నాయకుడి పని కూడా ఫీజుల చుట్టూ తిరగడం మొదలైంది. సీట్లు పెంచాలి, కాలేజీ కావాలి అనే నినాదాల చోట 'బకాయిలు విడుదల చెయ్యాలి' వచ్చి కూర్చుంది.

ఆ డబ్బు ఏ దారిన రావాలన్నది మారినప్పుడల్లా నాయకుడి పని మారుతూ వచ్చింది. 2020-21 చదువుల ఏడాది నుంచి విద్యాదీవెన పేరుతో ఫీజు తల్లి ఖాతాలో పడేది, ఆమె దాన్ని కాలేజీకి కట్టాలి. 2024 తర్వాత మళ్ళీ నేరుగా కాలేజీ ఖాతాకే అన్నారు. తల్లి ఖాతాలో పడ్డ రోజుల్లో ఇబ్బంది ఎక్కడ వచ్చేదంటే, ఈ జిల్లాల్లో తల్లిదండ్రులు ఊళ్ళో ఉండరు. కూలికి హైదరాబాద్ వెళ్ళినవాళ్ళు, చెన్నై వెళ్ళినవాళ్ళు, చేపల వేటకు గుజరాత్ వెరావల్ దాకా పోయినవాళ్ళు. వేలిముద్ర ఊళ్ళోని గ్రామ సచివాలయంలో పడాలి, తల్లేమో అపార్ట్‌మెంట్ పనిలో ఉంటుంది. డబ్బు పడినా దాన్ని ఇంటి అవసరానికి వాడేసుకుని కాలేజీకి బాకీపడ్డవారూ ఉన్నారు. ఇప్పుడు కాలేజీకే పడుతుంది గనుక ఆ బాధ లేదు. కానీ ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే కొన్ని కాలేజీలు విద్యార్థినే పట్టుకుంటాయి. హాల్ టికెట్ ఆపుతారు, సర్టిఫికెట్లు ఆపుతారు. పేరు చెప్పడం భావ్యం కాదు గానీ, నో డ్యూ కాగితం మీద సంతకం కోసం పిల్లలు రోజుల తరబడి ఆఫీసు వరండాలో కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. జూన్‌లో నాయకుడికి వచ్చే ఫోన్లలో సగం ఈ వరండా నుంచే.

2020 డిసెంబర్‌లో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవారికి ఈ సాయం ఎత్తేసింది. దాన్ని రద్దు చెయ్యాలన్నది అప్పటి నుంచి డిమాండ్ల పట్టికలో మొదటి వరుసలో ఉంది. అదే ఏడాది డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్‌కు మారాయి, 2021లో పీజీకి రాష్ట్రమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష వచ్చింది, 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి. ప్రతి మార్పుకీ కొత్త పోర్టల్, కొత్త ఓటీపీ, కొత్త గడువు. వెబ్ ఆప్షన్లు నెట్ సెంటర్‌లో ఎవరో పెట్టేస్తే పాలకొండ కుర్రాడికి ఎక్కడో సీటు పడుతుంది. మహారాజా కాలేజీని ఎయిడెడ్ జాబితా నుంచి తప్పించాలన్న ప్రతిపాదన 2020లో వచ్చినప్పుడు విజయనగరంలో సంఘాలు పార్టీల తేడా మరిచి రోడ్డెక్కాయి. అలాంటి పెద్ద పోరాటాలు అరుదు. మిగతా రోజులన్నీ దరఖాస్తులే.

బస్సు సంగతి ఒకటి చెప్పాలి. పలాస, నరసన్నపేట వైపు నుంచి ఎచ్చెర్ల వచ్చే విద్యార్థికి తరచు శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగి బస్సు మారాల్సి వస్తుంది. గతంలో పాస్ కౌంటర్ దగ్గర వరుస, బోనఫైడ్ కోసం కాలేజీలో వరుస, ఇవి సెక్రటరీ జూన్ పనుల్లో ముఖ్యమైనవి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం కింద ఆడపిల్లలకు ఆ వరుస తప్పింది. మగపిల్లలకు పాస్ ఇంకా కావాలి, అందరికీ బస్సు కావాలి. 'పాస్ ఇవ్వండి' అన్న వినతిపత్రం ఇప్పుడు 'తొమ్మిదింటి బస్సు ఇంకోటి వెయ్యండి' అని మారింది.

   

సంఘాలన్నీ ఎన్నికలు పెట్టాలని ఏటా అడుగుతూనే ఉంటాయి. నేనూ పెట్టాలనే అంటాను. అయితే రేపే ప్రభుత్వం సరేనని లింగ్డో నిబంధనల ప్రకారం నోటిఫికేషన్ ఇచ్చిందనుకుందాం. 75 శాతం హాజరు, వయసు పరిమితి, ఒక్క సబ్జెక్టూ తప్పకపోవడం, ఆఫీస్ బేరర్‌గా జీవితంలో ఒకేసారి పోటీ. ఈ జల్లెడ పడితే ఇప్పుడు వినతిపత్రాలు పట్టుకుని తిరుగుతున్న జిల్లా నాయకుల్లో చాలామంది పోటీకే పనికిరారు. కొందరు చదువు ముగించి ఏళ్ళయింది, కొందరు పీజీలో చేరిందే సంఘం కోసం. వాళ్ళు పక్కకు జరిగి, రెండో ఏడాది బీఎస్సీ చదివే అమ్మాయిని నిలబెట్టి, ఆమెకు పోర్టల్ పాస్‌వర్డ్ ఎక్కడ మార్చాలో, కలెక్టరేట్‌లో ఏ సెక్షన్ గుమాస్తా పని చేసి పెడతాడో నేర్పాలి. ఆ పనికి ఏ సంఘం సిద్ధంగా ఉందో ఇంతవరకు ఏ కరపత్రంలోనూ చూడలేదు.