పాత పటాల్లో ప్రళయకావేరి దీవులు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో మా మేడ మీద గది నిండా పాత పటాల నకళ్ళే. ప్రళయకావేరిలో, అంటే పులికాట్ సరస్సులో ఉన్న శ్రీహరికోట, వేనాడు, ఇరకం దీవులు, పైన దుగరాజపట్నం తీరం. ఏళ్ళ తరబడి ఈ ముక్క మీదే కూర్చున్నాను. 2022లో సూళ్ళూరుపేట వైపంతా తిరుపతి జిల్లాకు పోయింది గానీ, నా పటాల్లో అది ఇంకా నెల్లూరే. వచ్చినవాళ్ళందరికీ చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పాత షీటు మీది అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లో కొడితే చాలు, చోటు దొరుకుతుంది.

నేనూ అలాగే అనుకున్నాను. పందొమ్మిదో శతాబ్దపు సర్వే షీటులో వాకాడు దిగువన, తీరానికి మైలు లోపల ఒక సత్రం గుర్తు కనబడింది. అంకెలు ఫోన్‌లో వేస్తే చుక్క పోయి సముద్రంలో పడింది. సత్రాన్ని సముద్రం మింగేసిందని సంబరపడి, పడవ మాట్లాడుకుని మరీ వెళ్ళాను. పడవాయన చుట్టూ చూసి, "ఇక్కడ సత్రమేంది సామీ? అది చెరువు కట్ట కింద ఉండాది. వస్తా వస్తా దాని పక్కనించే వచ్చినాం గదా!" అన్నాడు.

లోపం షీటుది కాదు, నాది. అప్పటి సర్వే లెక్కలన్నీ మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశం నుంచి మొదలయ్యేవి. దాన్ని 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకన్లుగా తీసుకున్నారు. తర్వాత టెలిగ్రాఫ్ తీగ మీద గడియారాలు పోల్చి చూస్తే అది 80 డిగ్రీల 14 నిమిషాల 54 సెకన్లని తేలింది. కాలంలోకి మార్చి గడియారంలో చూస్తే పది సెకన్లు కూడా లేని తేడా. మన తీరంలో నేల మీద మాత్రం దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు! అందుకే ఊళ్ళన్నీ తూర్పుకు జరిగి నీళ్ళలో పడతాయి. ఊరికీ ఊరికీ మధ్య దూరాలు మాత్రం బాగా సరిపోతాయి. 1802లో ఇంగ్లిష్ సర్వేయరు విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణాల సర్వే చలవ అది. కాబట్టి అంచున ఉన్న అంకెలు వదిలేసి గుడి, చెరువు కట్ట, బకింగ్‌హామ్ కాలువ లాకు లాంటి కదలని గుర్తులు నాలుగు పట్టుకుని ఇప్పటి పటం మీద కూర్చోబెట్టాలి.

అపోహ: పటంలో ఉన్న ఆర్మగాన్ పట్నం ఇప్పుడు లేదంటే, మునిగిపోయినట్టే.

మునగలేదు, పేరు మారింది అంతే. ఆర్మగాన్ అంటే మన దుగరాజపట్నమే. మచిలీపట్నంలో ఇబ్బందులు పడ్డ ఇంగ్లిష్ కంపెనీ 1626 ప్రాంతంలో అక్కడ వర్తక కోఠీ పెట్టుకుంది. ఆ కోఠీకి అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన ఇంకో చోటు చూసుకున్నాడు, అదే మద్రాసు. వాళ్ళకు సాయం చేసిన ఆర్ముగం మొదలియారు పేరే ఆర్మగాన్ అయిందని చెబుతారు. ఊళ్ళో ఎవరినడిగినా ఆ పేరు తెలియదు, నావికుల పటాల్లో మాత్రం నిలిచిపోయింది. పటంలో పేరు దొరక్కపోతే ముందు పైకి చదవండి. డచ్చివాళ్ళు రాసిన 'పలియాకట్టా' నోటితో అంటేనే గదా పులికాట్ వినబడేది.

అపోహ: పటంలో ఖాళీగా ఉందంటే అక్కడ మనుషులు లేరు.

ఇది వింటే నాకు కోపం వస్తుంది. ఓడవాళ్ళ పటానికి కావలసింది లోతు, ఇసుక మేట, దూరం నుంచి కనబడే చెట్ల గుంపు. శ్రీహరికోట అడవిలో యానాదుల గుడిసెలతో వాళ్ళకేం పని? 1971 అక్టోబరులో తొలి రోహిణి రాకెట్ లేచేదాకా అక్కడ ఎవరూ లేరన్నట్టు మాట్లాడేవాళ్ళున్నారు. మద్రాసు పొయ్యిల్లోకి ఆ దీవి నుంచి కట్టెలు వెళ్ళేవి. అవి వాటంతటవి నరుక్కుని పడవెక్కాయా?

అపోహ: రెండు పటాలు పక్కపక్కన పెడితే సరస్సు ఎంత కుంచించుకుపోయిందో తేలిపోతుంది.

తేలదు. ఆటుపోట్లను బట్టే పులికాట్ 250 నుంచి 450 చదరపు కిలోమీటర్ల దాకా మారుతుందని చెబుతారు. పైగా సరస్సును సముద్రంతో కలిపే రాయదొరువు లాంటి ముఖద్వారాలు పూడిపోతుంటాయి, మళ్ళీ తెరుచుకుంటాయి. వానలు తగ్గాక సర్వే చేసిన పటాన్ని నవంబరు నాటి ఉపగ్రహ చిత్రంతో పోలిస్తే సరస్సు పెరిగినట్టు కూడా చూపించవచ్చు. ముందు సర్వే ఏ నెలలో జరిగిందో చూడండి. అచ్చయిన ఏడాది వేరు, కొలిచిన ఏడాది వేరు. నేనైతే మొదట సూళ్ళూరుపేట దగ్గర రైలు పట్టాలు వెతుకుతాను. మద్రాసు-బెజవాడ లైను 1899లో పూర్తయింది. పట్టాలు లేకపోతే ఆ కొలత అంతకు ముందుది.

ఇక పాత పటాల కోసం లండన్ దాకా పోనక్కర్లేదు. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం కాబట్టి ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో చాలా ఉన్నాయి. డేవిడ్ రమ్సీ అనే అమెరికన్ కూడబెట్టిన పాత పటాల సేకరణను ఇంటర్నెట్‌లో ఇంట్లో కూర్చునే చూడొచ్చు.

చివరగా, నెలకొకరైనా అడిగేది: "సార్, ఈ పటం చూపిస్తే మా తాత పొలం మాకొస్తుందా?" రాదు. మైలుకు అంగుళం లెక్కన గీసిన షీటులో మీ గట్టు గీత మందం కూడా ఉండదు. దానికి గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం), అడంగల్ కావాలి. మండలాఫీసులో అడగండి, మా మేడ మీద కాదు.