ఐపీఎల్ టికెట్ ధరలు: అపోహలు - వాస్తవాలు

ఐపీఎల్ దగ్గరపడితే చాలు, బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఉండే మనవాళ్ల నుంచి నాకు ఒకటే మెసేజ్: "అన్నా, యాప్‌లో అయిపోయాయి. ఒకతను 2,500 టికెట్ 9,000కి ఇస్తానంటున్నాడు, తీసుకోనా?" టికెట్ రేట్లు, సీట్ల కేటాయింపు చూసే పనిలో ఉన్నానని అడుగుతారు. వద్దనే చెప్తాను. చాలామంది అప్పటికే డబ్బు పంపేసి ఉంటారు.

అపోహ: సేల్ ఓపెనైన పది నిమిషాలకే సోల్డ్ ఔట్ అని వస్తే టికెట్లన్నీ అయిపోయినట్టే. ఇక బ్లాకే గతి.

వాస్తవం: మొదటి రోజు అమ్మకానికి పెట్టేది మొత్తం సీట్లు కాదు. స్పాన్సర్ల కోటా, క్రికెట్ సంఘం సభ్యుల కోటా, అవతలి జట్టు కోటా పక్కన ఉంటాయి. కెమెరాలు, సైట్‌స్క్రీన్ (బ్యాటర్‌కి బంతి బాగా కనపడాలని బౌలర్ వెనక పెట్టే పెద్ద తెర) అడ్డొచ్చే సీట్లను కూడా ఆపుతాం. టీవీ వాళ్లు వచ్చి కెమెరాలు ఎక్కడ పెట్టేదీ తేల్చాక వాటిలో కొన్ని వదులుతాం. స్పాన్సర్లు వాడుకోని సీట్లు మ్యాచ్ దగ్గరపడ్డాక వెనక్కొస్తాయి. ఇవన్నీ ఏ ప్రకటనా లేకుండా అదే యాప్‌లోకి ఎక్కుతాయి. పైగా ఆ మొదటి పది నిమిషాల్లో అయిపోయినట్టు కనిపించే సీట్లలో బోలెడు ఎవరో పేమెంట్ పేజీలో పట్టుకుని కూర్చున్నవే. ఓటీపీ రాకో, యూపీఐ ఫెయిలయ్యో గడువు దాటితే సీటు మళ్లీ అమ్మకానికొస్తుంది. కాబట్టి కాసేపాగి చూడండి. మ్యాచ్‌కి ముందు రెండు మూడు రోజులు పొద్దునా సాయంత్రం చూడండి. ప్రతిసారీ దొరుకుతాయని మాటివ్వలేను, ముఖ్యంగా చెన్నై మ్యాచ్‌కి. కానీ తెలియనివాడికి డబ్బు పంపడం కంటే అదే నయం.

ఒకసారి చిన్నస్వామి స్టేడియం గేటు దగ్గర డ్యూటీలో ఉండగా ఒక కుర్రాడు అనంతపురం నుంచి వచ్చిన నాన్నని తీసుకొచ్చాడు. పెద్దాయన ఒంటిమీద కొత్త జెర్సీ, మడతలింకా పోలేదు. స్కానర్‌లో ఎర్ర లైటు, ఈ టికెట్ ఇప్పటికే వాడేశారని. కుర్రాడు ఫోన్ బ్రైట్‌నెస్ పెంచి మళ్లీ చూపించాడు, మళ్లీ అదే. టెలిగ్రామ్‌లో కొన్న స్క్రీన్‌షాట్ అది. అలాంటి క్యూఆర్ ఒక్కటే ఎందరికో అమ్ముతారు, ముందొచ్చినవాడు లోపలికెళ్తాడు. "పోనీలేరా, టీవీలో చూద్దాం" అని ఆయనే కొడుకు భుజం తట్టాడు. జీతంలోంచి తీసి కొన్న టికెట్లవి. అమ్మినవాడి అకౌంట్ అప్పటికే మాయం.

టికెట్ లేకపోయినా గేటు దగ్గరికెళ్తే ఏదో ఒకటి దొరుకుతుందనే మాట కూడా నమ్మొద్దు. 2025 జూన్ 4న అదే స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. పాసులున్నాయట, లోపలికి వదులుతున్నారట అని విని బయల్దేరకండి.

అపోహ: బ్లాక్‌లో 9,000 పలుకుతోందంటే టీమ్‌వాళ్లే దాచి అమ్ముతున్నారు.

వాస్తవం: 9,000 ఇచ్చేవాళ్లు కొద్దిమందే ఉంటారు. మాకు స్టేడియమంతా నిండాలి. ఖాళీ కుర్చీలు టీవీలో కనిపిస్తే స్పాన్సర్ ఊరుకోడు. సీజన్ ముందు మేం కూర్చునేది ఒక షీట్‌తో: అడ్డంగా సొంతగడ్డ మ్యాచ్‌లు, నిలువుగా స్టాండ్లు. ప్రత్యర్థి ఎవరు, ఆదివారమా మంగళవారమా, మూడున్నర మ్యాచ్ అయితే ఎండ ఏ స్టాండ్ మీద పడుతుంది, నిరుడు ఆ స్టాండ్ ఎంత సేపట్లో అమ్ముడైంది, ఇవి చూసి రేటు వేస్తాం. అహ్మదాబాద్‌లో 1,32,000 సీట్లు. మన చిన్నస్వామిలో అందులో మూడో వంతు కూడా లేవు. రేటు ఎక్కువనిపించడానికి పెద్ద కారణం అదే.

ఉచిత పాసుల (కాంప్లిమెంటరీల) గొడవ మాత్రం నిజమే. 90 శాతం టికెట్లు జనానికే అమ్మాలని బీసీసీఐ నియమావళి చెప్పాక, ఆ పాసుల దగ్గర తేడా వచ్చే 2018 అక్టోబర్‌లో ఇండోర్ వన్డే మన విశాఖకి మారింది. చేతులు మారిన పాసు అసలుదో కాదో మీరు తేల్చుకోలేరు, అది గేటు దగ్గరే తేలుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆటగాళ్ల జీతాల వల్ల టికెట్ పెరగదు. వేలంలో 27 కోట్లు పలికిన రిషభ్ పంత్‌కి 7 కోట్లే ఇచ్చినా మీ స్టాండ్ రేటు అంతే, ఎందుకంటే అది కొనేవాళ్ల సంఖ్యని బట్టి ఉంటుంది. జట్లకి పెద్ద ఆదాయం టికెట్ల అమ్మకం నుంచి కాదు, ప్రసార హక్కుల నుంచి. 2023-27 హక్కులు 48,390 కోట్లకి అమ్ముడయ్యాయి. పన్ను మాత్రం నేరుగా మీ మీదే పడుతుంది: 2025 సెప్టెంబర్ 22 నుంచి ఐపీఎల్ టికెట్‌పై జీఎస్టీ 28 నుంచి 40 శాతమైంది. పన్ను కలపకముందు 1,000 ఉన్న టికెట్‌కి మీరు కట్టేది 1,400. ఐఫోన్‌లో చూస్తే రేటు ఎక్కువ చూపిస్తుందనేది వట్టి పుకారు. నేను చూసినంతలో రేటు కదిలేది ఆ స్టాండ్‌లో మిగిలిన సీట్లని బట్టి, అప్పుడు చూస్తున్న అందరికీ ఒకేలా.