డోలీ మోసిన భుజాలు

1895 మార్చి 3న, నేటి పాకిస్థాన్ ఉత్తర కొసన ఉన్న చిత్రాల్‌లో, కోటకు సుమారు ఒకటిన్నర మైళ్ల దూరాన కెప్టెన్ బెయిర్డ్ తూటా తగిలి కూలిపోయాడు. సైనిక వైద్యుడు హ్యారీ విచర్చ్ అతన్ని డోలీలో పడుకోబెట్టించి, కాశ్మీర్ రైఫిల్స్ దళానికి చెందిన కొద్దిమంది గూర్ఖా సిపాయిలతో కోటకు బయలుదేరాడు. మోస్తున్నవారిలో ముగ్గురు చనిపోయి, నాలుగోవాడు తీవ్రంగా గాయపడేదాకా వారు డోలీని వదలలేదు. ఆ తరువాత విచర్చ్ అతన్ని వీపున వేసుకొని కోటకు చేర్చాడు. బెయిర్డ్ మర్నాడు కన్నుమూశాడు.

పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దున జరిగిన యుద్ధాలలో క్షతగాత్రుడి ప్రాణం వైద్యుడి కత్తి దాకా చేరడమే మొదటి గండం. బండి నడిచే బాట లేని ఆ కొండల్లో అతనికి దక్కిన వాహనం డోలీ: పొడవైన వెదురు బొంగుకు వేలాడే మంచం, ఎండకు అడ్డంగా గుడ్డ పరదా. నలుగురు మోస్తుంటే, భుజం మార్చుకోవడానికి మరో ఇద్దరు వెంట నడిచేవారు. మనం బోయీలు అనేవారిని అక్కడ కహార్లు అంటారు. మన ఏజెన్సీ కొండల్లో నేటికీ డోలీ మోతలు తప్పని గూడేలు ఉన్నాయి కనుక, ఈ మాటను తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

మోసే తీరుకు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, తొడ ఎముక విరిగినప్పుడు లోపలే ఒక లీటరుకు పైగా రక్తం పోవచ్చు. కదిలించిన ప్రతిసారీ విరిగిన ఎముక మొనలు కండను, రక్తనాళాలను మళ్లీ చీలుస్తాయి. అందుకే కాలిని కదలకుండా బద్దలతో, అవి దొరకకపోతే రైఫిల్‌తోనైనా బిగించి కట్టేవారు. ఒంటెకు ఇరువైపులా కట్టే కజావాలలో తోసినట్టు ఊగే ప్రయాణం అలాంటివాడికి నరకమే. డోలీలో మంచం వేలాడుతూ ఉండడం వల్ల నేల అదురు ఒంటికి నేరుగా తగలదు.

అయితే ఆ సుఖానికి సైన్యం చెల్లించిన మూల్యం పెద్దది. ఇరవైమంది గాయపడితే నూట ఇరవైమంది మోతకే కావాలి, వారికి కాపలా వేరు. 1880 ఆగస్టులో బ్రిటిష్ జనరల్ రాబర్ట్స్ కాబూల్ నుంచి కాందహార్‌కు సుమారు పదివేల సైన్యంతో నడిచినప్పుడు, వెంట రెండు వేలకు పైగా డోలీ మోసేవారు ఉన్నారు. 1897లో అదే సరిహద్దులోని తీరాహ్ లోయలలో, వెనుదిరిగే బ్రిటిష్ దళాలనే అఫ్రీదీ తెగవారు వెంటాడేవారు. గాయపడినవాణ్ణి విడిచి పోలేని దళం అతని డోలీ ఎంత వేగంగా కదిలితే అంతే వేగంగా కదలగలదు.

శిబిరానికి చేరినవాడికి మాత్రం ఆ శతాబ్దం చివరికి మంచి రోజులే వచ్చాయి. మత్తు ఇవ్వడానికి 1847 నుంచి క్లోరోఫాం ఉంది. గాయాలను కార్బాలిక్ ఆమ్లంతో శుద్ధి చేసే పద్ధతిని శస్త్రవైద్యుడు లిస్టర్ 1867లో ప్రకటించాక చీముపట్టడం తగ్గింది. ఎక్స్-కిరణాలు బయటపడిన రెండేళ్లకే, వాల్టర్ బీవర్ అనే సైనిక వైద్యుడు ఆ యంత్రాన్ని తీరాహ్‌కు తీసుకువెళ్లి రెండు వందలకు పైగా చిత్రాలు తీశాడు. తూటాను వెతకడానికి పుండులో వేలు పెట్టి కెలకవలసిన అవసరం అలా తగ్గింది. కలరాకు మాత్రం ఈ పనిముట్లేవీ అడ్డం కాలేదు. 1879 వేసవిలో అఫ్గానిస్థాన్ నుంచి ఖైబర్ కనుమ దారిన తిరిగివస్తున్న సైన్యాన్ని అది దారి పొడవునా బలిగొంది. జ్వరాల సంగతీ అంతే. దోమలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో కనుగొన్నది 1897 ఆగస్టులో, అంటే తీరాహ్ దండయాత్రకు కొద్ది వారాల ముందే.

డోలీ మోసేవారికి సైన్యంలో ఆర్మీ బేరర్ కోర్ పేరిట స్థిరమైన స్థానం 1901లో ఏర్పడింది. చిత్రాల్ సాహసానికి విచర్చ్ బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. భారతీయ సైనికులకు ఆ పతకం పొందే అర్హత 1911లో వచ్చింది.