కుర్ర పిచర్లను అంచనా వేయడంలో అపోహలు – వాస్తవాలు: పిట్స్‌బర్గ్ పైరేట్స్ కథ

బేస్‌బాల్‌లో పిచర్ పని చూసేవారికి తేలికగానే కనిపిస్తుంది. 108 కుట్లు ఉన్న, 145 గ్రాములకు అటూ ఇటూగా తూగే బంతిని, 60 అడుగుల 6 అంగుళాల దూరంలోని హోమ్ ప్లేట్ మీదుగా, బ్యాటర్‌కు చిక్కకుండా విసరాలి. ఆ పని చేయగల కుర్రవాణ్ణి గుర్తించి, అతని చేయి పాడుకాకుండా పైకి తీసుకురావడం మాత్రం ఈ ఆటలో అన్నిటికంటే కష్టమైన విద్య. నేను డాలస్ శివార్లలోని ఒక పిచింగ్ శిక్షణ కేంద్రంలో పనిచేస్తున్నాను. హైస్కూలు, కాలేజీ పిల్లలు విసిరే బంతి వేగాన్ని, భ్రమణాన్ని, వారి చేయి కదలికను కొలిచి, ఆ అంకెల అర్థమేమిటో కోచ్‌లకూ తల్లిదండ్రులకూ వివరించడం నా బాధ్యత. మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఇప్పుడిప్పుడే వస్తున్నారు. వారి తల్లిదండ్రుల నోట నేను వినే అపోహల్లో సగానికి సగం, అమెరికా బేస్‌బాల్‌లో అత్యున్నత స్థాయిలో ఆడుతూ కోట్ల డాలర్లు ఖర్చు పెట్టే మేజర్ లీగ్ జట్లు సైతం ఏళ్ళ తరబడి నమ్మి దెబ్బతిన్నవే. అందుకు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌ను మించిన ఉదాహరణ నాకు కనబడదు.

అపోహ: డ్రాఫ్ట్‌లో ముందు వరుసలో ఎంపికైన పిచర్ తప్పకుండా రాణిస్తాడు.

వాస్తవం: డ్రాఫ్ట్ అంటే దేశంలోని హైస్కూలు, కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకొనే ఏటేటి కార్యక్రమం. అందులో పైరేట్స్‌కు ముందు వంతులకు కొరత ఎన్నడూ లేదు. 2001లో ఎనిమిదో స్థానంలో జాన్ వాన్ బెన్‌షోటెన్‌ను తీసుకున్నారు. ఆ ఏడాది అతను కాలేజీ బేస్‌బాల్‌లో బంతిని మైదానం దాటించే హోమ్ రన్లు 31 కొట్టి దేశంలోనే మొదటివాడిగా నిలిచాడు. అయినా అతని బ్యాటును పక్కన పెట్టించి పిచర్‌ను చేశారు. భుజానికి శస్త్రచికిత్సలు జరిగాయి, మేజర్ లీగ్‌లో పిచర్‌గా అతని ఖాతాలో 2 గెలుపులు, 13 ఓటములు మిగిలాయి. పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడో చెప్పే ఈఆర్‌ఏ 9.20 దగ్గర ఆగింది. నాలుగు లోపుంటే మంచిదని చెప్పుకొనే ఆ అంకె తొమ్మిది దాటడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 2002లో ఏకంగా మొదటి స్థానంలో ఎంపికైన బ్రయన్ బులింగ్‌టన్ మేజర్ లీగ్‌లో గెలిచిన మ్యాచ్ ఒక్కటే. 2006లో నాలుగో స్థానంలో బ్రాడ్ లింకన్‌ను తీసుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో ఏడో స్థానంలో క్లేటన్ కెర్షా, పదో స్థానంలో టిమ్ లిన్సెకమ్, పదకొండో స్థానంలో మాక్స్ షెర్జర్ ఎంపికయ్యారు. అత్యుత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డులు ఆ ముగ్గురికీ కలిపి ఎనిమిది వచ్చాయి.

ఇందులో పైరేట్స్‌ను మాత్రమే నిందించడం న్యాయం కాదు. ఆ ముగ్గురినీ కాదనుకున్న జట్లు ఇంకా ఉన్నాయి. లిన్సెకమ్ ఎత్తు ఆరడుగులు కూడా లేదని, అతను విసిరే తీరు వింతగా ఉందని ప్రతిభను వెతికే స్కౌట్లు చాలామంది వెనకాడారు. పొట్టివాడు పెద్ద పిచర్ కాలేడన్న ఆ నమ్మకాన్ని నేనూ కొన్నాళ్ళు మోశాను. అయిదడుగుల తొమ్మిది అంగుళాల కుర్రవాడొకడి కాగితాన్ని దొంతరలో అడుగున పెట్టాను. రెండేళ్ళ తర్వాత ఆ కుర్రవాడు మా ఊరి పక్క కాలేజీ జట్టులో ప్రధాన పిచర్ అయ్యాడు. పొట్టివాడి చేతిలోనుంచి బంతి తక్కువ ఎత్తులో బయలుదేరుతుంది కాబట్టి, స్ట్రైక్ జోన్ (బ్యాటర్ మోకాళ్ళనుంచి ఛాతీ దాకా ప్లేట్ మీద ఉండే ఊహా చట్రం) పైభాగంలో విసిరిన బంతి బ్యాటర్ కంటికి దాదాపు సమాంతరంగా వచ్చి తికమక పెడుతుంది. అది లోపం కాదని నాకు తర్వాత తెలిసింది.

అపోహ: కింది లీగ్‌లో అంకెలు బాగుంటే కుర్రవాడు సిద్ధమైనట్లే.

వాస్తవం: టైలర్ గ్లాస్‌నోను 2011 డ్రాఫ్ట్ అయిదో రౌండులో పైరేట్స్ తీసుకున్నారు. ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి, మెరుపు వేగం. 2017లో మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఉండే ఇండియానాపోలిస్ జట్టుకు ఆడినప్పుడు అతని ఈఆర్‌ఏ 1.93. అదే ఏడాది పిట్స్‌బర్గ్‌కు ఆడిన 62 ఇన్నింగ్స్‌లో 7.69. చేయి అదే, బంతి అదే. కింది లీగ్ బ్యాటర్లు అతని వేగానికి బెదిరి, స్ట్రైక్ జోన్‌కు బయట పడే బంతులకు కూడా బ్యాటు ఊపేవారు. పైనున్నవారు ఊపకుండా వేచి చూసి, తమకు కావలసిన బంతి వచ్చేదాకా ఆగారు. అంకె అబద్ధం చెప్పలేదు, కాని మనం అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. అందుకే ఏ కుర్రవాడి రికార్డు చూసినా, ఎంతమందిని అవుట్ చేశాడన్నదానికంటే, జోన్ లోపల పడిన బంతులకు ఎంతమంది తడబడ్డారన్నదే నేను మొదట చూస్తాను.

అపోహ: ఒకరిని నిలబెట్టిన పద్ధతి అందరినీ నిలబెడుతుంది.

వాస్తవం: పైరేట్స్ కథకు గుండెకాయ ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

1993 నుంచి 2012 వరకు వరుసగా 20 సీజన్లు ఆ జట్టు గెలుపులకంటే ఓటములే ఎక్కువ చవిచూసింది. 2013లో ఆ శాపం తీరి, వరుసగా మూడేళ్ళు ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది, 2015లో 98 మ్యాచ్‌లు గెలిచింది. అందులో పెద్ద వాటా పిచింగ్ కోచ్ రే సేరేజ్‌ది. ఎ.జె. బర్నెట్, ఫ్రాన్సిస్కో లిరియానో, ఎడిన్సన్ వోల్కెజ్, జె.ఎ. హ్యాప్ వంటి, ఇతర జట్లు ఇక పనికిరారనుకున్న సీనియర్లు ఆయన దగ్గర మళ్ళీ కోలుకున్నారు. పద్ధతి సరళమైనది: బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి కిందికి జారే సింకర్‌ను జోన్ అడుగుభాగంలో విసరాలి, బ్యాటర్ దాన్ని నేలబారుగా కొట్టాలి, బంతి ఎటు వెళ్తుందో ముందే లెక్కగట్టి అక్కడ ఫీల్డర్లను నిలపాలి. వేగం తగ్గిన సీనియర్లకు అది సంజీవని.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అదే మందును వేగం ఉట్టిపడుతున్న కుర్రవాళ్ళకూ పోశారు. 2011 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో 80 లక్షల డాలర్ల బోనస్‌తో వచ్చిన గెరిట్ కోల్ 2015లో 19 మ్యాచ్‌లు గెలిచి 2.60 ఈఆర్‌ఏ సాధించినా, 2017కల్లా 4.26కు దిగజారాడు. 2018 జనవరిలో అతన్ని హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు ఇచ్చేశారు. అక్కడివారు సింకర్‌ను బాగా తగ్గించి, నేరుగా, వేగంగా వెళ్ళే ఫోర్‌సీమ్ ఫాస్ట్‌బాల్‌ను జోన్ పైభాగంలో వేయించి, వంపు తిరిగే బంతుల వాటా పెంచారు. మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను అవుట్ చేసే స్ట్రైకవుట్లు కోల్‌కు 2018లో 276, 2019లో 326 వచ్చాయి.

అందులో మాయ లేదు. ఫోర్‌సీమ్ బంతి చేతినుంచి వెనక్కి తిరుగుతూ వెళ్తుంది. ఆ భ్రమణం ఎంత శుద్ధంగా, ఎంత వేగంగా ఉంటే గాలి దాన్ని అంతగా పైకి నెడుతుంది. బంతి నిజంగా లేవదు, బ్యాటర్ ఊహించినంత పడదు, అంతే. అటువంటి బంతి ఉన్నవాణ్ణి అడుగుభాగంలోనే విసరమనడం, వరదలో ఈదగలవాణ్ణి మోకాలి లోతు నీళ్ళలో నడిపించడంలాంటిది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: ఆ ఏళ్ళలో బంతికి జిగురు పదార్థాలు పూసి భ్రమణం పెంచుకోవడం లీగ్ అంతటా వ్యాపించింది, 2021 జూన్‌లో గాని తనిఖీలు బిగించలేదు. అప్పటి భ్రమణ అంకెల ఘనతనంతటినీ కోచ్‌ల ఖాతాలో వేయడం సరికాదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్లు, 2018 జూలై 31న కుదిరిన మార్పిడిలో క్రిస్ ఆర్చర్ అనే పిచర్ కోసం గ్లాస్‌నోను, ఆస్టిన్ మెడోస్‌ను, షేన్ బాజ్‌ను టాంపా బే రేస్‌కు వదులుకున్నారు. మరుసటి ఏడాది ఆర్చర్ ఈఆర్‌ఏ 5.19, గాయంతో 12 మ్యాచ్‌లే ఆడిన గ్లాస్‌నోది 1.78. అంతకుముందే పిట్స్‌బర్గ్‌ను వదిలిన చార్లీ మోర్టన్, లీగ్ ఛాంపియన్‌ను తేల్చే 2017 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో హ్యూస్టన్‌కు విజయం తెచ్చిపెట్టాడు. 2019 సీజన్ ముగిశాక జనరల్ మేనేజర్ నీల్ హంటింగ్‌టన్‌నూ, సేరేజ్‌నూ తొలగించారు.

దీన్నిబట్టి సింకర్ చెడ్డదని తేల్చేవారున్నారు. అది మరో అపోహ. అదే పైరేట్స్‌లో మిచ్ కెల్లర్ అనే కుర్రవాడు 2019లో 7.13, 2021లో 6.17 ఈఆర్‌ఏతో సతమతమై, 2022లో కొత్తగా సింకర్ నేర్చుకున్నాకే గాడిన పడ్డాడు, 2023లో ఆల్‌స్టార్ అయ్యాడు. కోల్‌ను కుంగదీసిందని చెప్పుకొనే బంతే కెల్లర్‌ను నిలబెట్టింది. తప్పు బంతిది కాదు, అందరినీ ఒకే గాటన కట్టడానిది. అంతేకాదు, జట్టు తన దగ్గరున్న ప్రతిభను కొలిచేది కూడా ఆ ఒక్క పద్ధతితోనే. అందులో ఇమడనివాడు ప్రతిభ లేనివాడిగా కనిపిస్తాడు, చవగ్గా చేజారిపోతాడు. అంచనా ఒక విభాగం పని, శిక్షణ మరో విభాగం పని అనుకొన్న చోటల్లా జరిగేది ఇదే.

మా కేంద్రంలో నిరుడు పదిహేనేళ్ళ కుర్రవాడొకడు ఫాస్ట్‌బాల్ విసిరితే అది చివరి క్షణంలో చేతి తొడుగు వేసుకున్న వైపుకు చిన్నగా కోసుకుపోయేది. పాత కోచ్ రెండేళ్ళపాటు ఆ వంపును మాన్పించడానికే ప్రయత్నించాడట. సెకనుకు వెయ్యికి పైగా చిత్రాలు తీసే కెమెరాలో చూస్తే, బంతి వదిలే ముందు మధ్యవేలు కుట్టు మీదనుంచి కొద్దిగా పక్కకు జారుతోంది, అరచేయి పూర్తిగా ముందుకు తిరగడం లేదు. ఆ చేతి సహజమైన తీరు అదే. మేము దాన్ని సరిచేయలేదు. చూపుడువేలిని మధ్యవేలికి దగ్గరగా చేర్చి, ఆ వంపునే పెంచి, దాన్నే అతని ప్రధాన బంతిగా చేశాము. మూడు నెలల్లో వేగం ఒక మైలు కూడా పెరగలేదు, బ్యాట్లు మాత్రం విరగసాగాయి.

అపోహ: చిన్నతనంలో వంపు తిరిగే కర్వ్‌బాల్ విసిరితే మోచేయి పోతుంది.

వాస్తవం: తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు కొలిచి చూస్తే, కర్వ్‌బాల్ మోచేతి మీద పెట్టే ఒత్తిడి ఫాస్ట్‌బాల్ కంటే ఎక్కువని తేలలేదు. వారికి స్పష్టంగా కనిపించిన ముప్పు అతిగా విసరడం. ఏడాదికి 100 ఇన్నింగ్స్ దాటిన కుర్రవాళ్ళు తీవ్రంగా గాయపడే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువ. చేయి అలసిపోయినా తరచుగా విసిరినవారు శస్త్రచికిత్స దాకా వెళ్ళే అవకాశం 36 రెట్లు. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 11, 12 ఏళ్ళ పిల్లవాడు ఒక రోజులో 85 బంతులకు మించి విసరకూడదు. 65 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. శనివారం ఒక జట్టుకు, ఆదివారం ఇంకో జట్టుకు విసిరించి, రెండు లెక్కలనూ విడివిడిగా చూపే తల్లిదండ్రులను నేను ఎరుగుదును. మోచేతికి రెండు ఖాతాలు ఉండవు.

అపోహ: టామీ జాన్ శస్త్రచికిత్స చేయించుకుంటే వేగం పెరుగుతుంది.

వాస్తవం: 1974 సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచర్‌కు మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో మరోచోటి స్నాయువును అమర్చారు. అప్పటినుంచి ఆ శస్త్రచికిత్సకు అతని పేరే స్థిరపడింది. తర్వాత కనిపించే వేగం ఏడాదికి పైగా సాగే వ్యాయామానిదీ, కుర్రవాడి వయసుదీ గాని కొత్త లిగమెంట్‌ది కాదు. 2010లో రెండో స్థానంలో పైరేట్స్ తీసుకున్న జేమ్సన్ టయాన్‌కు 2014లో ఒకసారి, 2019లో మరోసారి మోచేతికి కత్తి పడింది. ఇంకా తెగని మోచేతికి ముందుజాగ్రత్తగా ఆపరేషన్ చేయిద్దామా అని ఒక తండ్రి నన్ను నిజంగానే అడిగారు. నేను వద్దన్నాను, డాక్టరుగారు ఇంకా గట్టిగా వద్దన్నారు.

మేజర్ లీగ్‌లో ఫోర్‌సీమ్ సగటు వేగం 2008లో గంటకు 91.3 మైళ్ళు, 2024లో 94.2. ప్రతి బంతినీ పూర్తి బలంతో విసరడం మామూలైపోయింది, గాయాలు పెరగడానికి అదొక ముఖ్య కారణమని లీగ్ తన నివేదికలోనే రాసుకుంది.

అపోహ: క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ చేసే పిల్లవాడు పిచర్‌గా ఇట్టే కుదురుకుంటాడు.

వాస్తవం: మనవారు ఇక్కడ పైరేట్స్ పేరే చెబుతారు, ఎందుకంటే 2008లో భారతదేశంలో జరిగిన ఒక టీవీ పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లతో ఒప్పందం చేసుకున్నది ఆ జట్టే. కాని ఆ ఉత్తరప్రదేశ్ కుర్రవాళ్ళిద్దరూ బౌలర్లు కారు, ఈటె విసిరేవాళ్ళు. దినేశ్‌ను 2010లో వదిలేశారు, రింకూ ఎదిగిన అత్యున్నత స్థాయి 2012లో, మేజర్ లీగ్‌కు చాలా మెట్లు కింద ఉండే సింగిల్-ఎ. కండబలం వారికి కొదవ కాదు. పదేళ్ళ వయసునుంచి వేల బంతులు విసిరి సంపాదించాల్సిన నేర్పును ఇరవై ఏళ్ళ వయసులో మొదలుపెట్టారు.

బౌలర్‌కు చిక్కు మరొకటి. మోచేయి 15 డిగ్రీలకు మించి చాపుకోకూడదన్న నియమంలో పెరిగిన చేయి అది. పిచర్‌కు మోచేయి మడిచి, భుజాన్ని వెనక్కి తిప్పి, కొరడాలా వదలాలి. ఆ క్షణంలో భుజం తిరిగే వేగం సెకనుకు దాదాపు 7,000 డిగ్రీలు. నాలుగేళ్ళు క్రికెట్ అకాడమీలో బౌలింగ్ చేసి వచ్చిన పిల్లవాడు బంతి అందుకోగానే పరుగెత్తుకొచ్చి చేయి చాచేస్తాడు, పక్కనున్న నాన్నగారు స్పీడు ఎంత వచ్చిందని అడుగుతారు. అటువంటి పిల్లవాణ్ణి మొదటి రెండు వారాలూ ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చోబెట్టి, ముప్పై అడుగుల దూరంలోని వలలోకి మెల్లగా విసిరిస్తాను. అన్నాళ్ళూ రాడార్ గన్ అలమరలోనే ఉంటుంది.