ఆసుపత్రిలో పార్ట్‌నర్‌షిప్: "చెరి సగం" రాసేస్తే సరిపోతుందా? అపోహలు - వాస్తవాలు

"మాది ఒకే కంచం ఒకే మంచం సార్, హౌస్ సర్జన్సీ రోజుల నుంచి. చెరి సగం అని రాసేయండి, చాలు." విజయవాడ సూర్యారావుపేటలో డాక్టర్ల లెక్కలు చూసుకుంటూ బతికే నాలాంటి ఆడిటర్‌కి ఈ మాట కొత్తేం కాదు. ఇలా మొదలైన ఫైళ్లు చాలా వరకు చివరికి లాయర్ గారి బల్ల మీదికే చేరుతుంటాయి. అందుకే రోజూ నోటితో చెప్పేదాన్ని ఒకసారి రాసి పెడుతున్నాను. డీడ్ అంటే భాగస్వాములు రాసుకునే ఒప్పంద పత్రం, ఐపీ అంటే ఆసుపత్రిలో చేరిన పేషెంటు. ఇంతకు మించి ఓనమాల నుంచి మొదలుపెట్టను.

అపోహ: వాటాలు సమానంగా ఉంటే గొడవలు రావు

వస్తాయి. నేను చూసిన వాటిలో పెద్ద గొడవలన్నీ ఇక్కడే పుట్టాయి.

ఆసుపత్రిలోకి భాగస్వామి తెచ్చేది ఒక్కటి కాదు. డబ్బు పెడతాడు, తన చేత్తో పని చేస్తాడు, ఒక్కోసారి బిల్డింగ్ కూడా అతనిదే ఉంటుంది. డబ్బుకి వడ్డీ, పనికి ఫీజు, బిల్డింగ్‌కి అద్దె రావాలి. ఈ మూడూ పోయాక మిగిలేదే లాభం. మనవాళ్లు ఏం చేస్తారంటే అన్నిటినీ ఒకే గంపలో పోసి, నెలాఖరుకి సగం సగం పంచుకుంటారు. ఆసుపత్రి కొత్తలో అప్పులు కట్టుకోవడమే సరిపోతుంది కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించదు. డబ్బు కనిపించడం మొదలయ్యాకే అసలు కథ.

నాకు తెలిసిన ఇద్దరు బ్యాచ్‌మేట్లు ఉన్నారు, ఒకరు ఆర్థో (ఎముకల డాక్టరు), ఒకరు ఫిజీషియన్ (జనరల్ మెడిసిన్ డాక్టరు). పెట్టుబడి చెరి సగం. బిల్డింగ్ ఫిజీషియన్‌ది, దానికి అద్దె లేదు, "మనలో మనకి అద్దేంట్రా" అనుకున్నారు. ఒకరోజు సాయంత్రం ఇద్దరూ నా ఆఫీసుకి వచ్చారు. ఆర్థో గారి చేతిలో ఒక పొడుగు నోట్‌బుక్కు ఉంది. వాళ్లావిడ రాసిందట. ప్రతి సర్జరీకి తేదీ, ఐపీ నంబరు, ఇంప్లాంట్ ఖరీదు, బిల్లు, చివరి గడిలో ఎర్ర ఇంకుతో అవతలివాళ్లకి పోయిన సగం. పేజీలకి పేజీలు. ఫిజీషియన్ గారేమో ఫోన్ తీసి అదే వీధిలో ఏ బిల్డింగ్‌కి ఎంత అద్దె పలుకుతోందో ఒక్కో మెసేజీ చూపిస్తున్నారు.

"రాత్రి రెండింటికి యాక్సిడెంట్ కేసొస్తే లేచి పరిగెత్తేది నేనురా. నువ్వు పడుకుంటావు, సగం నీకు."

"ఆ కేసొచ్చి పడుకునే బెడ్ ఎవరి బిల్డింగ్‌లో ఉంది? షుగర్ కంట్రోల్ చేసి నీ ఆపరేషన్‌కి ఫిట్‌నెస్ ఇచ్చేదెవరు?"

ఇద్దరిదీ న్యాయమే. చిక్కంతా అక్కడే ఉంది. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, కానీ ఎవరికి వారు మోసపోయామనే అనుకుంటున్నారు.

లెక్క వేసి చూద్దాం. అంకెలు అర్థం కావడానికి వేసినవే. నెల వసూళ్లు 18 లక్షలు. అందులో ఆర్థో బిల్లింగ్ 8 లక్షలు, ఫిజీషియన్‌ది 3 లక్షలు, బెడ్లు, ల్యాబు, ఫార్మసీ కలిపి 7 లక్షలు. జీతాలు, మందులు, కరెంటు అన్నీ కలిపి ఖర్చు 9 లక్షలు. పాత పద్ధతిలో మిగిలిన 9 లక్షల్లో చెరి 4.5.

ఇప్పుడు విడదీసి చూడండి. బిల్డింగ్ అద్దె 1.5 లక్షలు. ఎవరి బిల్లింగ్‌లో వారికి 30 శాతం ఫీజు అనుకుంటే ఆర్థోకి 2.4 లక్షలు, ఫిజీషియన్‌కి 90 వేలు. చెరి 60 లక్షల పెట్టుబడికి 12 శాతం వడ్డీ అంటే నెలకి చెరి 60 వేలు. ఇవన్నీ పోగా మిగిలిన 3 లక్షలు సగం సగం. మొత్తం కూడితే ఆర్థోకి 4.5 లక్షలు, అద్దెతో కలిపి ఫిజీషియన్‌కీ 4.5 లక్షలే!

మరి ఇంత గోలెందుకు అంటారా? ఆర్థో గారు రెండు వారాలు ఊళ్లో లేరనుకోండి. ఆయన బిల్లింగ్ 4 లక్షలకి పడింది, ఇంప్లాంట్ల కొనుగోలు తగ్గి ఖర్చు 8 అయింది. పాత పద్ధతిలో చెరి 3 లక్షలు, ఫిజీషియన్ గారు పళ్లు కొరుక్కుంటారు. విడదీసిన లెక్కలో ఆర్థోకి 2.4, ఫిజీషియన్‌కి 3.6. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనక్కర్లేదు, లెక్కే చెబుతుంది. రేపు ఫిజీషియన్ పిల్ల పెళ్లని నెల సెలవు పెట్టినా అంతే. ఒకరికి జబ్బు చేసినా అంతే. ఎవరి బిల్లింగ్ తగ్గితే వాళ్ల ఫీజు తగ్గుతుంది, పెట్టిన డబ్బుకి వడ్డీ మాత్రం ఆగదు.

ఇది డీడ్‌లో రాసి ఉండాలి. నోటి మాట చెల్లదా అంటే, 1932 నాటి భాగస్వామ్య చట్టం ఏం చెబుతుందో వినండి. మీ మధ్య వేరే ఒప్పందం లేకపోతే, పనిచేసినందుకు భాగస్వామికి జీతం అడిగే హక్కు లేదు. లాభాలు సమానం, నష్టాలూ సమానం. అంటే మీరు కోటి పెట్టి ఆయన పది లక్షలు పెట్టినా, కాగితం మీద ఏమీ లేకపోతే సగం సగమే. అంతే కాదు, ఒకరు సాయంత్రం పూట బయట ఇంకో ఆసుపత్రిలో సర్జరీలు చేస్తే ఆ సంపాదన ఎవరిదనే తగాదా కూడా వస్తుంది. ఫర్మ్‌కి పోటీగా చేసే వ్యాపారంలో లాభాన్ని ఫర్మ్‌కి లెక్క చెప్పి కట్టాలని అదే చట్టంలో ఉంది మరి. బయటి ప్రాక్టీసు ఒప్పుకున్నారో లేదో ఒక్క లైను రాసుకుంటే పోతుంది.

ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లూ డీడే అడుగుతారు. భాగస్వామి జీతం డీడ్‌లో లేకపోతే ఫర్మ్‌కి ఖర్చుగా ఒప్పుకోరు. ఉన్నా దానికో పరిమితి ఉంది, వడ్డీకి 12 శాతం మించి ఒప్పుకోరు. 2025 ఏప్రిల్ 1 నుంచి భాగస్వామికిచ్చే జీతం, వడ్డీ వగైరా ఏడాదికి 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చే ముందే పట్టుకునే పన్ను) కూడా కోయాలి. "మా డబ్బు మేం తీసుకుంటే టీడీఎస్ ఏంటి" అని నా మీద విసుక్కోకండి, నేను పెట్టిన రూలు కాదు.

అపోహ: నేను స్లీపింగ్ పార్ట్‌నర్‌ని, నాకేం సంబంధం

స్లీపింగ్ పార్ట్‌నర్ అంటే డబ్బు పెట్టి, పనిలో కలగజేసుకోని భాగస్వామి. ఈ మాట ఎక్కువగా డాక్టర్ల భార్యలు, బావమరుదులు, రిటైర్మెంట్ డబ్బు పెట్టిన మామగార్లు అంటారు. వాళ్ల మీద నాకు నిజంగా జాలి. చూపించిన చోటల్లా సంతకం పెట్టారు, అంతే. మామూలు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లో ప్రతి భాగస్వామీ ఫర్మ్ అప్పులకి, బాధ్యతలకి తన సొంత ఆస్తితో సహా జవాబుదారీ. 5 శాతం వాటా అయినా సరే, అప్పిచ్చినవాడు మొత్తం బాకీ మిమ్మల్ని ఒక్కరినే అడగొచ్చు. 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చింది. అక్కడ ఫర్మ్ మీద పరిహారం పడితే అదీ అందరి నెత్తికీ చుట్టుకుంటుంది. ఇప్పటికే సంతకం పెట్టేశామని టెన్షన్ పడేవాళ్లు ముందు రెండు పనులు చేయండి. డీడ్ కాపీ, బ్యాంకు లోన్ కాగితాల కాపీ తెచ్చుకోండి. డాక్టర్ల సొంత పాలసీ కాకుండా ఆసుపత్రి పేరు మీద ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (వైద్యంలో తప్పు జరిగిందని పరిహారం పడితే కట్టే బీమా) ఉందో లేదో అడగండి. అడిగితే బాగుండదేమో అని మొహమాటపడకండి.

ఎల్‌ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యతకి పరిమితి ఉండే సంస్థ) పెడితే ఏ కేసూ అంటదని ఇంకో ప్రచారం. ఎల్‌ఎల్‌పీలో పక్కవాడి తప్పుకి మీ ఇల్లు పోదు, అది నిజమే. మీరు చేసిన తప్పుకి మాత్రం మీరే బాధ్యులు. బ్యాంకుకి పర్సనల్ గ్యారంటీ ఇచ్చుంటే ఆ అప్పూ మీదే.

అపోహ: స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించాం, రిజిస్టర్ అయినట్టే

కాదు. ఫర్మ్ రిజిస్ట్రేషన్ జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో వేరేగా చేయించాలి. చేయించకపోతే జరిమానా లేదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ రిజిస్టర్ కాని ఫర్మ్ బాకీ ఎగ్గొట్టిన కార్పొరేట్ క్లయింటు మీద దావా వేయడానికి వీల్లేదు. ఒక భాగస్వామి డీడ్‌లోని హక్కు కోసం ఇంకొకరి మీద వేయలేడు. ఫర్మ్‌ని రద్దు చేయమనో, రద్దయిన ఫర్మ్ లెక్కలు తేల్చమనో, దాని ఆస్తి రాబట్టమనో మాత్రమే అడగగలడు.

అపోహ: వాటా తీసుకుని బయటికొచ్చేశాం, ఇక తలనొప్పి లేదు

గెజిట్‌లోనూ, స్థానిక భాషా పేపర్లోనూ ప్రకటన ఇచ్చేదాకా బయటివాళ్ల దృష్టిలో మీరింకా భాగస్వామే. లోపల ఉండిపోయినవాళ్లకీ పనుంది. ఫర్మ్ పేరు మీద ఫార్మసీ ఉంటే, భాగస్వాములు మారిన రోజు నుంచి పాత డ్రగ్ లైసెన్సు మూడు నెలలే చెల్లుతుంది, ఈలోగా కొత్తది తీసుకోవాలి. స్కానింగ్ రిజిస్ట్రేషన్ ఇంకా సున్నితం. పీఎన్‌డీటీ (గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం) సర్టిఫికెట్ ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ కాదు, యాజమాన్యం మారితే వెనక్కిచ్చి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. "మెషీన్ అదే, గది అదే, డాక్టరూ అదే కదా" అనే వాదన తనిఖీకి వచ్చినవాళ్ల దగ్గర పనిచేయదు.

అపోహ: కమీషన్ బదులు వాటా ఇస్తే తప్పు కాదు

ఈ సలహా ఎవరిస్తున్నారో గానీ బాగా తిరుగుతోంది. డయాగ్నొస్టిక్ సెంటర్ పెట్టి, పేషెంట్లను పంపే డాక్టర్లందరికీ పంపిన కేసుల్ని బట్టి "లాభం" పంచడం! పేరు మారినంత మాత్రాన అది కమీషన్ కాకుండా పోదు. 2002 నాటి వైద్య ప్రవర్తనా నియమాల ప్రకారం పేషెంటును పంపినందుకు డాక్టరు డబ్బు ఇవ్వడమూ తప్పే, తీసుకోవడమూ తప్పే. పేషెంట్లను పంపే ఊళ్లలోని ఆర్‌ఎంపీలకి (డిగ్రీ లేకుండా వైద్యం చేసేవాళ్లకి) ఇచ్చేదీ ఇందులోకే వస్తుంది, పీఆర్‌ఓ (ప్రచారం చూసుకునే ఉద్యోగి) ఖర్చులని రాసినా సరే. చట్టం ఒప్పుకోని ఖర్చుని ట్యాక్సులోనూ ఒప్పుకోరు. మందుల కంపెనీలు డాక్టర్లకిచ్చే కానుకల విషయంలో 2022లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పెట్టిన పెట్టుబడిని బట్టి వాటా ఇవ్వండి, ఎవరూ కాదనరు.

అపోహ: ఏదైనా జరిగితే పిల్లలు చూసుకుంటారు

ఈ మాటెత్తితే "శుభమా అని మొదలుపెడుతుంటే ఇప్పుడెందుకు సార్" అంటారు. చట్టం ప్రకారం, డీడ్‌లో వేరేగా రాసుకోకపోతే భాగస్వామి చనిపోగానే ఫర్మ్ రద్దయిపోతుంది. ఉన్నది ఇద్దరే అయితే డీడ్‌లో ఏం రాసినా మిగిలేది ఒక్కరే, ఒక్కరితో పార్ట్‌నర్‌షిప్ ఉండదు. ఐసీయూలో పేషెంట్లు ఉండగానే బ్యాంకు ఖాతా నుంచి ఫార్మసీ లైసెన్సు దాకా అన్నీ ఒక్కసారి ప్రశ్నార్థకం అవుతాయి. అందుకే ఇద్దరే ఉన్నచోట మూడో మనిషిని చిన్న వాటాతో చేర్చమంటాను, ఆ మనిషికి పైన స్లీపింగ్ పార్ట్‌నర్ గురించి రాసిందంతా చదివి వినిపించాకే. పోయినవారి వాటాకి విలువ ఎలా కట్టాలి, గుడ్‌విల్ (ఆసుపత్రికున్న మంచి పేరు విలువ) కలపాలా వద్దా, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి అన్నవి ఇద్దరూ ఆరోగ్యంగా, ఒకరి మీద ఒకరికి కోపం లేకుండా ఉన్న రోజునే రాసుకోండి. డీడ్ ఇప్పటికే అయిపోయిందంటారా, ఉన్నదానికి సప్లిమెంటరీ డీడ్ (అనుబంధ పత్రం) రాసుకోవచ్చు, కొత్త ఫర్మ్ పెట్టక్కర్లేదు.